కళ్లాయనా, తోక ప్రశ్నలూ

మా వీధి కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే ఆయన్ని అందరూ కళ్లాయన అనేవాళ్లం. అసలు పేరు ఆయన భార్యకు తెలిసే ఉండాలి. ఆవిడ కూడా "ఏవండీ" అనే పిలిచేది కాబట్టి ఆ పేరు వాడకం లేక మూలన పడిపోయింది. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉండేవాడు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి చూసి వచ్చిన వంపు అది. బజార్లో ఎదురైనా సరే, ముందు మన కుడికంట్లోకి, తర్వాత ఎడమకంట్లోకి చూసి, ఆ తర్వాతే బాగున్నారా అని అడిగేవాడు.

దుకాణం ముందు గదిలో అద్దాల బీరువాలు, వాటి నిండా ఫ్రేములు, వచ్చినవాళ్లు కూర్చోడానికి పొడుగాటి బల్ల. పలచటి చెక్క గోడకు అవతల పరీక్ష గది. అందులో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగోడకు దీపం వెలిగే అక్షరాల చార్టు. కళ్లాయన మన ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు దించుతూ, "ఇదా? ఇదా? మళ్లీ చూడండి, ఇదా?" అని అడిగేవాడు. జవాబు కోసం మన నోటికేసి చూసేవాడు కాదు. నోరు తెరిచేలోగా నొసలు ఏం చేసిందో చూసేవాడు. ముడి విడిపోతే అద్దం దొరికినట్టే.

అలా తన మానాన తను బతుకుతుంటే ఆ దుకాణాన్ని ఒక పెద్ద కంపెనీ కొనేసింది.

కంపెనీ ముందుగా ఒక మేనేజరమ్మను పంపింది, ఆవిడ చేతికి ఒక తెల్ల పెట్టెనిచ్చి పంపింది. మేనేజరమ్మది చిన్న వయసు, పెద్ద పెద్ద అడుగులు. పెట్టె ఇటుకంత ఉంటుంది. దాన్ని అక్షరాల చార్టుకు ఒక పక్కగా మేకు కొట్టి తగిలించారు. గదిలో అనుకునే ప్రతి మాటా అది వింటుందట. విని, ఎవరి కళ్లకు ఎంత పవరు కావాలో అదే తేల్చి చెబుతుందట. దానికి ఇంగ్లీషు ఒక్కటే వచ్చు కాబట్టి ఇక పరీక్షంతా ఇంగ్లీషులోనే జరగాలి. అది కూడా ఎలా పడితే అలా కాదు. ఎదురుగా ప్రశ్న వేస్తే జనం బెదిరిపోతారని కంపెనీ కనిపెట్టింది. చార్టు పైకి చదవమంటే సిగ్గుపడతారని కూడా కనిపెట్టింది. అందుకని మనమే ఒక మాట చెప్పి, దాని చివర చిన్న తోక తగిలించి, వాళ్లచేత ఒప్పించుకోవాలి. ఆ తోకల్ని క్వశ్చన్ ట్యాగులంటారు. మన కదా లాంటిదే, రెండు రోజుల్లో పట్టుబడుతుందని మేనేజరమ్మ భరోసా ఇచ్చింది.

కళ్లాయనకు కొండంత ధైర్యం వచ్చింది. కదా ఆయన రోజూ వాడే మాటే. దానికి ఇంగ్లీషు 'ఈజింట్ ఇట్' అని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మర్నాడు మొదట వచ్చింది పక్క దుకాణం దర్జీ. ఆ మధ్య సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందని వచ్చాడు. కళ్లాయన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, "యూ కెన్ సీ దిస్ లైన్, ఈజింట్ ఇట్?" అన్నాడు. పెట్టెలో ఎర్రదీపం వెలిగి, లోపలి నుంచి గుర్రుమని శబ్దం వచ్చింది. గొంతులో ఇంకాస్త మర్యాద కలిపి అదే మాట మళ్లీ అన్నాడు. పెట్టె ఇంకాస్త గట్టిగా గుర్రుమంది. దర్జీ కుర్చీలోంచి లేచి నిలబడి, తనేమీ ముట్టుకోలేదని ప్రమాణపూర్వకంగా చెప్పాడు.

ఆ వారమంతా అదే వరస. బయట బల్ల మీద కూర్చున్న మాకు, లోపల కళ్లాయన ఏదో జంతువుకు వైద్యం చేస్తున్నాడేమో అనిపించేది. శనివారం సాయంత్రం మేనేజరమ్మ పిలిచి, నెలాఖరులోగా తోకలు కుదరకపోతే వెనక గదిలో అద్దాలు సానపట్టే మిషను మీద వేస్తానని చెప్పింది. ఆ పని తక్కువదని కాదు. అక్కడ అద్దాలే ఉంటాయి, కళ్లుండవు.

నిజానికి ఆయనకు ఇంట్లోనే ఒక దిక్కుంది. ఆ దిక్కుకేసి మాత్రం పెళ్లయినప్పటి నుంచీ ఆయన మొహం తిప్పలేదు. ఆయన అత్తగారు బడిలో ఇంగ్లీషు గ్రామరు చెప్పి రిటైరైన మనిషి. ఒక్కతే కూతురు, అందుకని వీళ్ల దగ్గరే ఉండేది. అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. వెనకటికి కళ్లాయన మొదటిసారి వాళ్లింటికి వెళ్లిన రోజున, కాబోయే అత్తగారిని మెప్పిద్దామని, "యువర్ డాటర్ రీడ్స్ వెల్, ఈజింట్ ఇట్?" అన్నాడు. ఆవిడ చేతిలో కప్పు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కూతురు ఇష్టపడింది కాబట్టి పెళ్లికి అడ్డు చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచీ అల్లుడికి ఏం చెప్పాలన్నా కూతురికే చెప్పేది. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, "మీ ఆయన్ని కాస్త పక్కకు జరగమను," అనేది. అమ్మాయి ఆ మాట మోసుకెళ్లి ఇచ్చేది.

కళ్లాయన ఆ ఆదివారం తన కష్టమంతా భార్యతో చెప్పుకున్నాడు. భార్య తల్లితో చెప్పింది. ఆవిడ కిటికీకేసి తిరిగి, "రేపు పొద్దున్నే వంటింట్లోకి రమ్మను," అంది.

పాఠాలు వంటింటి బల్ల దగ్గర జరిగేవి. ఒక చివర అత్తగారు, ఇంకో చివర అల్లుడు, మధ్యలో కూరగాయలు తరుగుతూ భార్య. అత్తగారు పాత గ్రామరు పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టుకునేది. ఒక్కసారి కూడా అందులోకి చూడకుండా చెప్పుకుంటూ పోయేది.

"అతనికి చెప్పు. మన కదా వదులు చొక్కా. ఎవరికి తొడిగినా పడుతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు, ఎవరి కొలత వాళ్లకే. ముందు వాక్యంలో కెన్ ఉంటే తోకలో కెన్ రావాలి. విల్ ఉంటే విల్. ఈజ్ ఉంటే ఈజ్. అలాంటిదేమీ లేకపోతే డూ, డజ్, డిడ్ వీటిలో కాలానికి తగ్గది రావాలి. వాక్యం అవునంటే తోక కాదనాలి. వాక్యం కాదంటే తోక అవుననాలి."

భార్య ఇటు తిరిగి, "వాక్యం అవునంటే తోక కాదనాలట," అంది.

"విన్నాను," అన్నాడు కళ్లాయన.

"విన్నారట," అంది ఆవిడ అటు తిరిగి.

తోకలో మనుషుల పేర్లు రాకూడదని, హీ, షీ, ఇట్, దే లాంటి సర్వనామాలే రావాలని కూడా అలాగే చేరవేసింది. తర్వాత అత్తగారు పరీక్ష పెట్టింది. వంటింట్లో కొళాయి కారుతోంది కాబట్టి, "ద ట్యాప్ ఈజ్ లీకింగ్" అనిచ్చి తోక తగిలించమంది. కళ్లాయన భయంభయంగా, అలవాటు కొద్దీ, "ఈజింట్ ఇట్" అన్నాడు. ఆవిడ కారుతున్న కొళాయికేసి ఓసారి తల తిప్పింది.

"ఇది సరైనదే అని చెప్పు. అతను చెప్పబట్టి కాదు, కొళాయి కారబట్టి సరిపోయింది."

తర్వాతి పాఠాల్లో కళ్లాయనకు తల ప్రాణం తోకకొచ్చింది. ఐ యామ్‌కు ఆమింట్ ఐ అని రావాలి న్యాయంగా. కాదట, ఆరింట్ ఐ అనాలట. ఎందుకని అడిగితే, చిన్నప్పుడు తనూ అలాగే అడిగితే బెంచీ ఎక్కించారని అత్తగారు కబురు పెట్టింది. లెట్స్‌తో మొదలైతే షల్ వుయ్. ఎవరికైనా పని చెబితే చివర విల్ యూ. నోబడీ కేమ్ అంటే తోకలో డిడ్ దే. ఒక్కరు కూడా రానప్పుడు ఈ 'వాళ్లు' ఎక్కణ్ణుంచి వచ్చారని కళ్లాయన అడిగాడు. రానివాళ్లు చాలామంది ఉంటారు కదా అని జవాబొచ్చింది. ఆయనకు అది బాగా నచ్చింది.

ఒకరోజు హార్డ్‌లీ గురించి చెప్పింది. చూడ్డానికి అందులో కాదు అనే మాట కనపడదు గానీ కడుపులో ఉంటుందట. అందుకని తోక అవునన్నట్టు రావాలి. సొంతంగా ఒక ఉదాహరణ చెప్పమంది. కళ్లాయన బల్లకేసి చూస్తూ, నెమ్మదిగా, "షీ హార్డ్‌లీ టాక్స్ టు మీ, డజ్ షీ?" అన్నాడు. భార్య చేతిలో కత్తి ఆగింది. అత్తగారు పుస్తకం మూసి, "అతనికి హార్డ్‌లీ వచ్చేసిందని చెప్పు," అని లేచి వెళ్లిపోయింది.

ఇక కళ్లాయన ఆగలేదు. స్నానాల గదిలో బకెట్టుతోను, వీధిలో కరెంటు స్తంభాలతోను తోకలు పలికాడు. నెలాఖరు వచ్చేసరికి పరీక్ష గదిలో గుర్రు తగ్గింది. ఒక ఉదయం, "యూ కెన్ సీ దిస్ లైన్, కాంట్ యూ?" అనగానే పెట్టె పచ్చదీపం వెలిగించి టింగుమంది. బల్ల మీద ఉన్న మేమందరం చప్పట్లు కొట్టాం. మేనేజరమ్మ బయటికొచ్చి ఆయన చేయి పట్టుకుని ఊపింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది.

తోకలు తిరగేసి కూడా వాడాలని కంపెనీ నియమం. దర్జీ మళ్లీ వచ్చాడు. ఆయనది చత్వారమే. దూరం శుభ్రంగా కనిపిస్తుంది, దగ్గరివే అలుక్కుపోతాయి. కళ్లాయన చిన్న అక్షరాల అట్ట ఆయన చేతికిచ్చి, "యూ కాంట్ రీడ్ దిస్ లైన్, కెన్ యూ?" అన్నాడు. దర్జీకి ఆ లైను కనపడలేదు. మనం ఎలా అంటాం? చదవలేరు కదా అంటే, అవును, చదవలేను అంటాం. దర్జీ వినయంగా "యస్" అన్నాడు. ఇంగ్లీషులో ఆ యస్‌కు చదవగలను అని అర్థం. పెట్టె టింగుమని, ఈయనకు దగ్గర చూపు దివ్యంగా ఉందని తేల్చేసింది. తర్వాత దూరపు చార్టు చూపించి, "యూ కాంట్ రీడ్ దట్ లైన్, కెన్ యూ?" అన్నాడు. దర్జీకి బ్రహ్మాండంగా కనపడుతోంది. కాదు, చదవగలను అనబోయి "నో" అన్నాడు. పెట్టె దాన్ని చదవలేను అని రాసుకుని, దూరపు చూపుకు దళసరి అద్దాలు ఇవ్వమంది.

దర్జీ నొసలు ముడి వేసి ఉండటం కళ్లాయన చూశాడు. ఇది తప్పని తెలుగులో చెప్పబోయాడు. పెట్టె గుర్రుమంది. మేనేజరమ్మను పిలిచి చెప్పాడు. పెట్టెకు మీకన్నా బాగా ఇంగ్లీషు వచ్చని ఆవిడ మెత్తగా గుర్తుచేసింది. ఇంటికెళ్లి భార్య ద్వారా అత్తగారిని అడిగితే, వ్యాకరణం ప్రకారం పెట్టెదే రైటని తేలింది. తప్పు అద్దం ఇస్తున్నానని చేతికి తెలుసు, తప్పు కాదని గ్రామరు చెబుతోంది.

అలా మా వీధిలో చూపంతా ఇంగ్లీషును బట్టి పంపిణీ అయింది. తిరగేసిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగిన నలుగురైదుగురికి మంచి కళ్లజోళ్లు దొరికాయి. మిగతావాళ్లం ఏది కనపడుతుందో అది పోగొట్టుకున్నాం. నేను తలనొప్పని వెళ్లి సీసా అడుగులాంటి అద్దాలతో తిరిగొచ్చాను. ఆ నెలంతా లేని మెట్లు ఎక్కుతూ, ఉన్న మెట్లు దాటేస్తూ తిరిగాను. పోస్ట్‌మాన్ ఉత్తరాలు పక్కిళ్లలో వేసేవాడు. వాటిని తిరిగిచ్చుకునే వంకతో, ఎన్నడూ మాట్లాడుకోనివాళ్లు కూడా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

దర్జీ సంగతి వేరు. కొత్త అద్దాల్లోంచి ఆయనకు తన బల్ల మీద కత్తెర ఎక్కడుందో తెలిసేది కాదు. ఎలా వచ్చిందో గానీ, వీధి చివర నిలబడ్డ మనిషి చొక్కా గుండీలు లెక్కపెట్టగలనని మాత్రం చెప్పేవాడు. అందుకని కొలతలు తీసుకోవడం మానేశాడు. గిరాకీని వీధి చివరకు పంపి, అక్కడ నిలబడి ఇటూ అటూ తిరగమని చెయ్యి ఊపేవాడు. ఇక్కణ్ణుంచి చూసి, తడుముకుంటూ గుడ్డ కత్తిరించేవాడు. ఆ బట్టలు ఎలా ఉంటాయో అని అందరం నవ్వుకున్నాం. చూస్తే ఒంటికి అతికినట్టు కుదిరాయి. దగ్గర్నుంచి చూస్తే కుట్లు వంకరే. కానీ మనిషిని అంత దగ్గర్నుంచి ఎవరు చూస్తారని దర్జీ వాదన.

కళ్లాయనకు ఇదంతా చూస్తే అన్నం సహించేది కాదు. లోపల పెట్టె ముందు నోరెత్తలేడు కాబట్టి బయట బల్ల దగ్గరే మాకు ట్యూషన్ మొదలుపెట్టాడు. తోక ఎటు తిరిగినా పట్టించుకోవద్దు, కనపడితే యస్, కనపడకపోతే నో, అంతే అన్నాడు. మేమంతా గట్టిగా వల్లెవేశాం. తీరా చీకటి గదిలో ఆ కుర్చీ ఎక్కి, ఆయన కాంట్ అనగానే, మాలో పుట్టుకతో వచ్చిన అవును తన్నుకుంటూ బయటికొచ్చేది. బాగా వంటబట్టించుకున్న ఒకరిద్దరికి ఇళ్లలో కష్టాలొచ్చాయి. పాలు తేలేదు కదా అని భార్య అడిగితే, తేనివాడు కొత్త పద్ధతిలో "లేదు" అనేవాడు. ఆవిడ, తేలేదు కదా అంటే లేదంటున్నాడు కాబట్టి తెచ్చాడనుకునేది. ఆ ఇళ్లలో పొద్దున్నే ఖాళీ గిన్నెలు పొయ్యి మీద పెట్టుకుని ఎదురుచూశారు.

ఈ రోజుల్లోనే కళ్లాయన భార్య ఒక సంగతి గమనించింది. పాఠాలు అయిపోయాక కూడా తల్లి గ్రామరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. ఒక మధ్యాహ్నం చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. కావాలని ఏమీ అనకుండా ఊరుకుంది. మర్నాడూ తలకిందులుగానే ఉంది. అప్పుడు మొగుడికి చెప్పింది. ఇన్నాళ్లూ ఆవిడ కళ్లు చూపించుకోకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు. ఈజింట్ ఇట్ అనే మనిషి ముందు కళ్లు తెరుచుకుని కూర్చోనని ఎప్పుడో తెగేసి చెప్పింది. ఇప్పుడు ఆయన తోకలు సరిగ్గా అంటున్నాడని, పాఠం ఎంతవరకు వచ్చిందో స్వయంగా వచ్చి చూడమని కూతురు బతిమాలింది. పరీక్ష నీకు కాదమ్మా, ఆయనకు అంది. ఆ మాటకు ఆవిడ మెత్తబడింది.

అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని దుకాణానికి వచ్చింది. లోపలికి అడుగు పెడుతూనే, మూల కొక్కేనికి వేలాడుతున్న మేనేజరమ్మ కోటుకు గుడ్ మార్నింగ్ చెప్పి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. మేనేజరమ్మ ఇవతలి పక్కన నిలబడి ఉంది. బల్ల మీద ఎవ్వరం నవ్వలేదు.

పరీక్ష గదిలోకి ఆవిడా, కళ్లాయనా వెళ్లారు. కూతురు చెక్క గోడకు ఇవతలే ఆగిపోయింది. మాకు లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"యూ కెన్ సీ ద టాప్ లైన్, కాంట్ యూ?"

"యస్, ఐ కెన్."

పెట్టె టింగుమంది.

"యూ కాంట్ రీడ్ ద లాస్ట్ లైన్, కెన్ యూ?"

"యస్, ఐ కెన్," అంది ఆవిడ ఖచ్చితంగా. మళ్లీ టింగ్. అంత చక్కటి జవాబులు పెట్టె అంతకుముందు విన్నది లేదు. ఏమడిగినా అదే తీరు. ఒక్క మాట జారలేదు, ఒక్క తోకకు తడబడలేదు. వ్యాకరణం ప్రకారం ఆ వీధిలో అంతటి చూపు ఇంకెవరికీ లేదు.

కళ్లాయన మాత్రం ఆవిడ నొసలు చూస్తున్నాడు. అది బిగుసుకుని ఉంది. కళ్లు చార్టు మీద లేవు. పక్కన పెట్టెలో వెలుగుతున్న పచ్చదీపాన్నే ఆవిడ చార్టనుకుంటోంది. ఆయన చప్పుడు కాకుండా చెయ్యి చాచి చార్టు దీపం ఆపేశాడు.

"ద చార్ట్ ఈజ్ బ్రైట్, ఈజింట్ ఇట్?"

"యస్, ఇట్ ఈజ్."

పెట్టె సంతోషంగా టింగుమంది.

కళ్లాయన ఆ చీకట్లో పెట్టెకేసి ఓసారి చూశాడట. తర్వాత ఆయనే చెప్పాడు, ఆ క్షణంలో మిషను గది గుర్తొచ్చిందని, వచ్చినా పోనీలే అనిపించిందని. కుర్చీ పక్కనే చతికిలబడి కూర్చుని, ఏ తోకా లేకుండా, తెలుగులో అడిగాడు.

"అత్తయ్యగారూ, మీకు ఏం కనిపిస్తోంది?"

పెట్టె గుర్రుమంది. అత్తగారు అలవాటుగా కూతురి కోసం తల పక్కకు తిప్పింది. గదిలో కూతురు లేదు. గోడకు ఇవతల కూతురు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమీ కనపడట్లేదు నాయనా," అంది ఆవిడ. "చాలా రోజులైంది. అంతా మసకే."

కళ్లాయన లేచి చార్టు వెలిగించాడు. ఇనప ఫ్రేము ఆవిడ ముక్కు మీద పెట్టి, అద్దం తర్వాత అద్దం దించుతూ, ఇదా, ఇదా అని మొదలుపెట్టాడు. పెట్టె ఒకటే గుర్రు. ఆవిడ ఇది కాదు, అది కాదు, దాని ముందుది మళ్లీ పెట్టు అంటోంది. ఆ గుర్రు మీదుగా వినపడాలని ఇద్దరూ గట్టిగా అరుచుకుంటున్నారు. ఇన్నేళ్లు మాట్లాడుకోని మనుషులు అంత గట్టిగా మాట్లాడుకుంటుంటే బల్ల మీద మేమంతా లేచి నిలబడ్డాం. చివరికి ఒక అద్దం దగ్గర ఆవిడ నొసలు విప్పారింది. ముందు చార్టును చూడలేదు. అల్లుడిని చూసింది.

"ఇంత ముసలివాడివి ఎప్పుడయ్యావు నువ్వు?" అంది.

తర్వాత లేచి, ఆ బరువైన ఫ్రేముతోనే, గోడకు అంటించిన కంపెనీ అట్ట దగ్గరకు వెళ్లింది. వచ్చినవాళ్లకు మొదట ఏం చెప్పాలో అందులో రాసి ఉంది. ఆవిడ పైకి చదివింది. ఐ యామ్ యువర్ ఫ్రెండ్, ఆమింట్ ఐ. ఇది రాసిందెవరని అడిగింది. అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్న మేనేజరమ్మ, హెడ్డాఫీసని చెప్పింది. ఆవిడ కళ్లాయన్ని మిషను గదికి పంపేద్దామని వచ్చిన మనిషి. కానీ గ్రామరు టీచరు ఎదురుగా నిలబడేసరికి చేతులు కట్టుకుంది. అత్తగారు ఆవిడను తన పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు పెట్టెదీ కాదు, జనానిదీ కాదని నచ్చచెప్పింది. పెట్టెకు తెలుగు రాదు, జనానికి తిరగేసిన ఇంగ్లీషు రాదు. మధ్యలో ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

పెట్టెను తీసేసే అధికారం మేనేజరమ్మకు లేదు. వీధి నిండా మెట్లు తప్పి పడుతున్న జనం మాత్రం ఆవిడ కంటికీ కనపడుతున్నారు. అందుకని ఒప్పుకుంది. మర్నాటి నుంచి పరీక్ష గదిలో ఒక స్టూలు వెలిసింది, దాని మీద కొత్త కళ్లజోడుతో అత్తగారు. కళ్లాయన పెట్టెకు వినపడేలా ఇంగ్లీషులో తోక ప్రశ్న వేస్తాడు. కుర్చీలోని మనిషి ఉన్నదున్నట్టు ఆవిడ చెవిలో తెలుగులో చెప్పుకుంటాడు. ఆవిడ పెట్టెకేసి తిరిగి, "నో, హీ కాంట్" అంటుంది. పెట్టె టింగుమంటుంది. మేమంతా వరసగా వెళ్లి మా చూపు మేము వెనక్కి తెచ్చుకున్నాం. దర్జీ ఒక్కడే రానన్నాడు. దూరం నుంచి కొలిచే దర్జీ అని పక్క వీధుల నుంచి కూడా ఆయన దగ్గరకు జనం వస్తున్నారు. చూపు బాగైతే వ్యాపారం పోతుందని భయం.

ఆ దుకాణంలో ఒక్క ఎర్రదీపం కూడా వెలగట్లేదని కంపెనీ తెగ సంబరపడి, మేనేజరమ్మకు ప్రమోషన్ ఇచ్చి చెప్పుల విభాగానికి పంపింది. అత్తా అల్లుడూ పొద్దున కలిసి వెళ్లి, సాయంత్రం కలిసి వచ్చేవాళ్లు. దారి పొడుగునా నోబడీ గురించి, లెట్స్ గురించి వాదించుకునేవాళ్లు. ఇంట్లో మధ్య మనిషిగా తన ఉద్యోగం ఊడిపోయిందని కళ్లాయన భార్య మా ఇంట్లోవాళ్లతో చెప్పి నవ్వేది. నవ్వుతూనే చెప్పినా, పాపం, మొదట్లో ఆవిడకు చేతులు ఖాళీగా అనిపించాయట.

చలికాలంలో ఒకరోజు అత్తగారికి జలుబు చేసి గొంతు పోయింది. పెట్టెకు జవాబు చెప్పేవాళ్లు లేక, వచ్చినవాళ్లందరినీ కళ్లాయన రేపు రమ్మని పంపేశాడు. మధ్యాహ్నం భార్య అన్నం క్యారియరూ, దారిలో తల్లి కోసం కొన్న దగ్గు మందు సీసా పట్టుకుని వచ్చింది. ఎన్ని చెంచాలు పట్టాలో చూడమని సీసా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు, వెలుతురు కోసం గుమ్మం దాకా వెళ్లాడు. చివరికి రెండు చెంచాలన్నాడు.

"చూసి చెబుతున్నారా, ఊహించి చెబుతున్నారా?" అంది ఆవిడ.

ఆయన సీసా తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. అన్నేళ్లుగా ఊరందరి కళ్లూ చూసిన మనిషి కళ్లు ఎవరూ చూడలేదని ఆవిడకు అప్పుడే తట్టింది. లోపలికి తీసుకెళ్లి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. చార్టు చూపిస్తే లాభం లేదు, అది ఆయనకు కంఠతా వచ్చు. అందుకని సీసానే ఎదురుగా పట్టుకుంది. ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాల డబ్బాలోంచి చేతికందిన అద్దమల్లా అందులో దించుతూ, ఇప్పుడో, మరి ఇప్పుడో అని అడిగింది. తెల్ల పెట్టె గుర్రుమంటే, క్యారియరు సంచీ తీసి దాని మీద తగిలించింది. ఆ తర్వాత అది ఏమన్నా బొంయ్‌మని సన్నగానే వినపడింది.

ఒక అద్దం పడగానే ఆయన ముందుకు వంగాడు.

"పిల్లలకు మాత్రమే అని ఉంది," అన్నాడు.

ఆవిడ సీసా తిప్పి చూసుకుంది. ఆవిడకు కూడా సరిగ్గా కనపడలేదు. తన కళ్ల సంగతి రేపు చూద్దామని చెప్పి, ఆయన ముక్కు మీద ఇనప ఫ్రేము తియ్యకుండానే, దుకాణం తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ సీసా మార్చుకోడానికి మందుల షాపుకు బయల్దేరారు.